రిపోర్టు చేతిలో పెట్టుకుని గ్రంథాలయానికి: జబ్బు గురించి పుస్తకాల్లో, ఈ-పుస్తకాల్లో వెతికే పద్ధతి

"డాక్టరు గారు రెండు నిమిషాల్లో చూసి పంపించేశారు. ఈ రిపోర్టులో ఏముందో ఎక్కడ చదువుకోవాలి?" శ్రీకాకుళం, విజయనగరం వైపు పాఠకులు తిప్పి తిప్పి అడుగుతున్న ప్రశ్న ఇదే. ఫోన్ తెరిస్తే వీడియోలు బోలెడు. ఒకటి కిడ్నీ పోయిందంటుంది, ఇంకోటి మా కషాయం తాగితే వచ్చేస్తుందంటుంది. అందుకే పుస్తకం వైపు మళ్లాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పుస్తకంలో మీరు వెతకాల్సింది మందు కాదు. డాక్టరుని అడగాల్సిన ప్రశ్న. కింది మెట్లన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ఉదాహరణకి ఒక రిపోర్టు ఊహించుకుందాం: సోంపేట దగ్గర పల్లెలో కొబ్బరితోట పని చేసుకునే 50 ఏళ్ల మనిషి, క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తపరీక్షలో కొలుస్తారు) 1.6. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో ఆ మాట తెలియని ఇల్లు ఉండదు కాబట్టి దీన్ని ఎంచుకున్నాను. మీది సుగరైనా థైరాయిడైనా పద్ధతి మారదు.

## 1. పుస్తకం ముట్టుకోకూడని సందర్భాలు

ఇవి ఉంటే చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి:

- గుండెలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం
- ఒక పక్క కాలూ చేయీ పడిపోవడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం
- ఫిట్స్, స్పృహ తప్పడం
- పాము కాటు, పురుగుమందు మింగడం
- మూత్రం పూర్తిగా ఆగిపోవడం
- గర్భిణికి రక్తస్రావం

అంత అత్యవసరం కాదు గానీ ఆసుపత్రికి వెళ్లాలో వద్దో తేలకపోతే 104. మనసు బాగోక ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తుంటే టెలీమానస్ 14416.

## 2. బయల్దేరే ముందు

చాలామంది ఉత్త చేతులతో వెళ్లి "కిడ్నీ పుస్తకం ఉందా సార్" అంటారు. ఉందంటారు, తెస్తారు, ఇంటికొచ్చాక ఏ పేజీ చూడాలో తెలియదు. సంచిలో ఇవి పెట్టుకోండి:

- రిపోర్టుల జిరాక్సులు. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి.
- డాక్టరు చీటీ. చీటీ మీద రాత అర్థం కాకపోతే మందుల షీట్లు. షీటు మీద కంపెనీ పెట్టిన పేరుకి దగ్గరలో అసలు మందు పేరు ఉంటుంది. పుస్తకాల్లో దొరికేది ఆ అసలు పేరే.
- రోగి వయసు, బరువు, ఎప్పటినుంచి ఇబ్బంది, సుగరు బీపీ ఉన్నాయా లేవా.
- ఊళ్లో వేయించుకున్న ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలు, నాటు మందులు. సిగ్గుపడి ఇవి రాయనివాళ్లు ఎక్కువ. కిడ్నీ విషయంలో అన్నిటికంటే ముందు కావాల్సింది ఈ వరుసే.
- నోట్‌బుక్, పెన్సిల్. గ్రంథాలయం పుస్తకం మీద గీతలు గీయకండి. మీ తర్వాత చదివేవాళ్లకి మీ భయాలు కూడా అండర్‌లైన్ అయి కనబడతాయి.

## 3. జబ్బు పేరు ఖాయం చేసుకోండి

మనం "గ్యాసు", "నరాల బలహీనత", "వాతం", "కిడ్నీల్లో వేడి" అంటాం. ఆ పేర్లతో పుస్తకంలో వెతికితే దొరికేది చాలావరకు అమ్మకపు సరుకే. డాక్టరు చీటీ పైభాగంలో రాసిన పేరు, లేదా స్కానింగ్ రిపోర్టు చివర "ఇంప్రెషన్" అన్న చోట రాసిన రెండు మూడు వరుసలు ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో ఉన్నదున్నట్టు దించుకోండి.

పేరేదీ రాయకపోతే కౌంటరు దగ్గరున్న నర్సుని గానీ, మందుల షాపు ఫార్మసిస్టుని గానీ అడగండి: "ఈ చీటీలో జబ్బు పేరు ఏం రాశారమ్మా, స్పెల్లింగ్ చెప్తారా?" ఈ ఒక్క పని చేస్తే సగం తిప్పట తప్పుతుంది.

ఇంకా పేరు పెట్టలేదు, పరీక్షలు జరుగుతున్నాయి అంటే జబ్బుల పుస్తకం జోలికి వెళ్లకండి. పరీక్ష గురించి చదవండి: అది దేన్ని కొలుస్తుంది, ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది. లక్షణాలు పట్టుకుని జబ్బు వెతకడం మొదలుపెడితే సాయంత్రానికి ప్రతివాడికీ క్యాన్సర్ వస్తుంది.

## 4. గ్రంథాలయంలో ఏ బీరువా, ఎవర్ని అడగాలి

శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా జిల్లా కేంద్ర గ్రంథాలయాలున్నాయి. బొబ్బిలి, టెక్కలి వంటి ఊళ్లలో శాఖా గ్రంథాలయాలున్నాయి. చాలా శాఖలకు శుక్రవారం సెలవు, కొన్ని పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు. గుమ్మం దగ్గర బోర్డు చూసుకున్నాకే ఊరి నుంచి బస్సెక్కండి.

శ్రీకాకుళం వెళ్లినవాళ్లు కథానిలయం పేరు విని అక్కడ అడిగేరు. అది కథల గ్రంథాలయం. క్రియాటినిన్ దొరకదు గానీ, ఆసుపత్రి క్యూలో చదువుకోవడానికి అంతకంటే మంచి సరుకు ఇంకెక్కడా లేదు.

కుర్చీల్లో ఎక్కువమంది డీఎస్సీ, గ్రూప్స్ రాసే పిల్లలే కనబడతారు. వాళ్లని చూసి ఇది మన చోటు కాదేమో అని వెనక్కి రాకండి. గ్రంథాలయాధికారిని ఇలా అడగండి:

"మేడమ్, మూత్రపిండాల జబ్బు మీద మామూలు మనిషికి అర్థమయ్యే పుస్తకం తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి కావాలి. కొత్త ముద్రణ ఉంటే అది."

జబ్బు ఎవరికని చెప్పాల్సిన పని లేదు. వాళ్లు అడగరు కూడా.

పుస్తకాలకి విషయాన్ని బట్టి అంకె వేసే డ్యూయీ పద్ధతి పాటించే చోట ఈ అంకెలు మీకు తోవ చూపిస్తాయి:

- 612: శరీరం ఎలా పని చేస్తుంది
- 613: ఆరోగ్య అలవాట్లు, 613.2: ఆహారం
- 615: మందులు
- 616.1: గుండె, రక్తనాళాలు
- 616.2: ఊపిరితిత్తులు
- 616.3: జీర్ణవ్యవస్థ, కాలేయం
- 616.4: గ్రంథులు (సుగరు 616.462)
- 616.6: మూత్రవ్యవస్థ (కిడ్నీ 616.61)
- 616.8: మెదడు, నరాలు, మనసు
- 618: స్త్రీల వ్యాధులు, ప్రసవం (618.92 పిల్లల జబ్బులు)

612, 616 నుంచి ఒక్కో పుస్తకం తీయండి. 613 దగ్గర యోగా, ప్రకృతి వైద్యం, "నూరేళ్ల ఆరోగ్యం" తరహా పుస్తకాలు కిక్కిరిసి ఉంటాయి. చిన్న శాఖల్లో 613, 616 కలిసిపోయి ఒకే అరలో ఉంటాయి, అంకె చూసి వేరు చేసుకోండి.

సభ్యత్వానికి మామూలుగా ఫొటో, చిరునామా రుజువు, తిరిగి ఇచ్చేసే డిపాజిట్ అడుగుతారు. రిఫరెన్స్ ముద్ర ఉన్న పుస్తకం ఇంటికివ్వరు. కావలసిన పేజీలు, వాటితో పాటు ముద్రణ వివరాల పేజీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటామని అడగండి. ఆ రెండో ఫొటో ఎందుకో వచ్చే మెట్టులో చెప్తాను.

మెడికల్ కాలేజీల లైబ్రరీలు వాళ్ల విద్యార్థుల కోసం. తెలిసిన మెడికో ఉంటే పుస్తకం తెచ్చిమ్మని అడక్కుండా, "ఈ అధ్యాయంలో ఈ రెండు పేరాలు చూసి చెప్పమ్మా" అని అడగడం సులువు.

## 5. ముందు తేదీ, తర్వాతే విషయం

అన్ని మెట్లలో దీనికే ఎక్కువ సేపు పెట్టండి. అట్ట మీద తళతళలాడే బొమ్మ చూసి కొత్త పుస్తకం అనుకోకండి. లోపలి పేజీలో ఇలా ఉండొచ్చు: "మొదటి ముద్రణ 1991, పునర్ముద్రణ 2022." అంటే అక్షరం మారకుండా మళ్లీ అచ్చేశారని. వైద్యం 1991దే. "పరిష్కృత ముద్రణ" లేదా ఇంగ్లీషులో "రివైజ్డ్ ఎడిషన్" అని ఉంటేనే లోపల ఏదో మార్చారని అర్థం.

పాతబడితే ఏమవుతుందో చూడండి.

సుగరు: పరగడుపున 140 దాటితేనే మధుమేహం అని పాత పుస్తకాలు చెప్తాయి. 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆ హద్దుని 126కి దించింది, ఇప్పుడు అంతటా అదే. పాత పుస్తకం చదివి 132 వచ్చినాయన "నాకేం లేదు" అనుకుని ఇంటికెళ్లిపోతాడు.

టీబీ: వారానికి మూడు రోజుల మందు అని ఉంటే అది పాతది. మన జాతీయ కార్యక్రమం 2017 నుంచి రోజువారీ మందుకి మారింది. ఆ కార్యక్రమం పేరే 2020లో మారింది. పుస్తకంలో ఆర్‌ఎన్‌టీసీపీ అన్న పాత పేరు కనబడితే ముద్రణ పేజీ చూడకుండానే 2020కి ముందు రాసిందని చెప్పేయొచ్చు.

బీపీ: అమెరికా వైద్య సంఘాలు 2017లో హద్దుని 130/80కి దించాయి. చాలా దేశాల మార్గదర్శకాలు 140/90 దగ్గరే ఉన్నాయి. రెండు పుస్తకాలు రెండు మాటలు చెప్పినంత మాత్రాన ఒకటి తప్పని కాదు. మీ డాక్టరు ఏది పాటిస్తున్నారో అడగాలి. ఇదిగో, ఒక ప్రశ్న దొరికింది.

కిడ్నీ: వడపోత శక్తిని లెక్కగట్టే సూత్రం 2021లో మారింది. కేడీఐజీవో అనే అంతర్జాతీయ సంస్థ 2012 నాటి మార్గదర్శకాలను 2024లో సవరించింది.

చిరునామాలకీ ఇదే జాగ్రత్త. ఏ ఆసుపత్రి ఎక్కడుందో చెప్పే కరపత్రంలో సీతంపేట శ్రీకాకుళం జిల్లాలో ఉంటే, అది కొత్త జిల్లాలు వచ్చిన 2022 ఏప్రిల్‌కి ముందు అచ్చయింది. ఫోన్ నంబర్లు కూడా అప్పటివే అయ్యుంటాయి.

పాతవన్నీ పారేయమని కాదు. నేను పాటించే కొలత ఇది:

- కిడ్నీ ఎక్కడుంటుంది, ఎలా వడపోస్తుంది: ఇరవై ఏళ్ల పుస్తకమైనా ఫర్వాలేదు.
- లక్షణాలు, జబ్బు నడిచే తీరు: పదేళ్ల లోపుది.
- పరీక్షల హద్దులు: అయిదేళ్ల లోపుది.
- మందులు: పుస్తకం వద్దు. తేదీ వేసి ఉన్న ఆన్‌లైన్ పేజీ చూసి, డాక్టరుని అడగండి.

## 6. రాసిందెవరు, అమ్ముతున్నదేమిటి

త్వరగా తేలిపోయే పని. అయిదు నిమిషాలు చాలు.

- రచయిత ఆ విభాగం వైద్యుడేనా? "డాక్టర్" అని ఉంటే చాలదు, డిగ్రీ చూడండి.
- చివరి పేజీల్లో మందు, పొడి, నూనె, క్యాంపు, ఫోన్ నంబరు ప్రకటనలున్నాయా? ఉంటే అరలో పెట్టేయండి.
- "పూర్తిగా నయం", "డయాలసిస్ అక్కర్లేదు", "డాక్టర్లు చెప్పని రహస్యం" అన్న మాటలున్నాయా? అక్కడే ఆపండి.
- నష్టాలు, దుష్ఫలితాలు కూడా రాశారా? మంచి పుస్తకం తన మందు గురించి చెడు కూడా చెప్తుంది.

## 7. ఈ-పుస్తకాలు: ఏది దేనికి

ఇంట్లో పిల్లల ఫోన్ ఉంటే చాలు. కింద ఉన్నవి ఉచితం.

మెడ్‌లైన్‌ప్లస్: అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం మామూలు జనం కోసం నడిపేది. పదో తరగతి ఇంగ్లీషు వస్తే అర్థమవుతుంది. మొదట ఇక్కడికే వెళ్లండి.

ఎంఎస్‌డీ మాన్యువల్: ఇందులో రెండు వాకిళ్లున్నాయి, జనానికొకటి, వైద్యులకొకటి. తెలియక వైద్యుల వాకిట్లోంచి దూరి బెదిరిపోయి బయటికొచ్చేవాళ్లు ఎక్కువ. జనం వైపు చదివాకే రెండోది.

ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్: అదే అమెరికా గ్రంథాలయం పెట్టిన వైద్య పుస్తకాల అధ్యాయాలు. స్టాట్‌పెర్ల్స్ అనే వరుసలో ప్రతి అధ్యాయానికీ చివరిసారి ఎప్పుడు సవరించారో తేదీ ఉంటుంది. భాష కష్టం, కానీ ఆ తేదీ కోసమైనా చూడాలి.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోస్: మన దేశపు వైద్యుల కోసం ఒక్కో జబ్బుకీ పొందికగా, పటం రూపంలో చేసినవి. ఏ దశలో పెద్దాసుపత్రికి పంపాలో చెప్తాయి. పీహెచ్‌సీ నుంచి జిల్లా ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి అన్న ప్రశ్నకి ఇంతకంటే దగ్గరి జవాబు పుస్తకాల్లో దొరకదు.

నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా: ఖరగ్‌పూర్ ఐఐటీ తయారుచేసింది. ఉచితంగా నమోదవొచ్చు. వెతికితే వేలల్లో వస్తాయి, అన్నీ తెరుచుకోవు. భాష, సంవత్సరం ఫిల్టర్లు పెట్టి వెతకండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్: కొన్ని పుస్తకాలు గంట సేపు, కొన్ని పద్నాలుగు రోజులు అరువిస్తారు. స్కాన్ చేసిన పాత తెలుగు వైద్య పుస్తకాలు కూడా ఇక్కడ చాలా ఉన్నాయి. మన తాతల కాలంలో ఏం నమ్మేవారో తెలుసుకోవడానికి బాగుంటాయి. వాటిలో పాళ్లు చూసి భస్మాలు, కషాయాలు చేసుకోకండి.

టెలిగ్రామ్‌లో తిరిగే ఉచిత పీడీఎఫ్‌లు వద్దు. పాత ఎడిషన్‌కి కొత్త అట్ట తగిలించినవి వస్తుంటాయి, ముద్రణ పేజీ చింపేసి ఉంటుంది.

వెతికేటప్పుడు రెండు చిట్కాలు. ఎనీమియా, ఎడీమా, హీమోగ్లోబిన్ వంటి మాటలు మన దేశం పుస్తకాల్లో బ్రిటిష్ స్పెల్లింగ్‌తో, అమెరికా పుస్తకాల్లో ఒక అక్షరం తక్కువతో ఉంటాయి. ఒకదానితో దొరక్కపోతే రెండోది కొట్టండి. స్కాన్ చేసిన తెలుగు పీడీఎఫ్‌లో అయితే పదం వెతికే సౌకర్యం చాలాసార్లు పని చేయదు. దొరకలేదు అంటే లేదని కాదు, విషయసూచిక తెరిచి చేత్తో చూసుకోవాలి.

## 8. ఏ వరుసలో చదవాలి

లావుపాటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదివేవాళ్లు మూడో రోజుకి వదిలేస్తారు. వరుస ఇది:

1. జనం కోసం రాసిన పుస్తకంలో ఆ జబ్బు అధ్యాయం, ఒక్కసారి, పెన్సిల్ పట్టుకోకుండా.
2. అదే అధ్యాయం రెండోసారి, తెలియని మాటలు నోట్‌బుక్‌లోకి.
3. ఆ మాటల్ని పుస్తకం చివరి పదసూచిలో వెతికి, ఒక్కోదానికి మీ మాటల్లో ఒక వరుస.
4. మీ రిపోర్టులో అంకెలు, వాటి హద్దులు.
5. అవసరమైతేనే వైద్యుల పుస్తకం. అందులో కూడా నిర్వచనం, కారణాలు, పరీక్షలు. మోతాదుల పట్టికలు దాటేయండి.

"ప్రోగ్నోసిస్" అన్న శీర్షిక కింద ఎంతమంది ఎన్నాళ్లు బతికారో లెక్కలుంటాయి. అవి సగటులు, చాలాసార్లు పాత వైద్యం నాటివి, వేరే దేశపువి. రాత్రి పడుకునే ముందు ఆ పేజీ తెరవకండి. రోగి చేతికి అసలివ్వకండి.

## 9. అంకె దగ్గర ఆగండి: క్రియాటినిన్ 1.6

మన ఊహా రిపోర్టుకొద్దాం. ల్యాబు కాగితంలో పక్కనే మామూలు హద్దు ఉంటుంది, 1.6 దానికంటే ఎక్కువ. ఇక్కడే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. పుస్తకం ఏం చెప్తుందో వరుసగా చూడండి.

మొదట యూనిట్. మన ల్యాబులు డెసీలీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా పుస్తకాలు లీటరుకి మైక్రోమోల్స్‌లో రాస్తాయి. మన అంకెని 88.4తో గుణిస్తే వాళ్ల అంకె: 1.6 అంటే 141. సుగరుకైతే మన అంకెని 18తో భాగించాలి. యూనిట్ చూడకుండా పోల్చి గుండె గుభేలుమన్నవాళ్లు ఉన్నారు.

తర్వాత వడపోత శక్తి, రిపోర్టుల్లో ఈజీఎఫ్‌ఆర్ అని ఉంటుంది. క్రియాటినిన్ ఒక్కటే చూస్తే చాలదు, వయసు, ఆడా మగా కలిపి లెక్కేయాలి. 2021 సూత్రం ప్రకారం 1.6కి 50 ఏళ్ల మగవారికి సుమారు 52 వస్తుంది. అదే వయసు ఆడవారికి 39. అంకె ఒకటే, దశ వేరు. పక్కింటి పిన్నికి కూడా 1.6 వచ్చింది, ఆమె బానే ఉంది కదా అనుకోవడం అందుకే కుదరదు.

దశలు ఇలా:

- 90, అంతకు పైన: ఒకటో దశ (మూత్రంలో గానీ స్కానింగ్‌లో గానీ తేడా ఉంటేనే జబ్బు)
- 60 నుంచి 89: రెండు (ఇక్కడా అదే షరతు)
- 45 నుంచి 59: మూడు-ఎ
- 30 నుంచి 44: మూడు-బి
- 15 నుంచి 29: నాలుగు
- 15 లోపు: అయిదు

ఇప్పుడు అసలు వాక్యం: ఈ తేడా కనీసం మూడు నెలలు కొనసాగితేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఒక్క రిపోర్టుతో తేలదు. మే నెల ఎండలో రోజంతా తోటలో పని చేసి, నీళ్లు సరిగ్గా తాగక, మర్నాడు రక్తం ఇచ్చినా అంకె పెరగొచ్చు. అలాగని ఎండ వల్లే అని మీరే తీర్పు చెప్పేసుకోకండి, మళ్లీ పరీక్ష ఎప్పుడో అడగండి.

## 10. పుస్తకంలో మన ఊరు లేనప్పుడు

ఏ పుస్తకం తీసినా కిడ్నీ జబ్బుకి పెద్ద కారణాలు సుగరు, బీపీ అని ఉంటుంది. ఉద్దానంలో ఆ రెండూ లేకుండానే జబ్బు వచ్చినవాళ్లు ఎందరో. చదివి "మనకి సుగరు లేదు, అయితే ఇది కిడ్నీ జబ్బు కాదు" అనుకుంటే మోసపోతారు.

అప్పుడు "కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు" అన్న శీర్షిక వెతకండి, ఇంగ్లీషు పుస్తకాల్లో సీకేడీయూ అంటారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతం, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీల గురించి రాసిన పేజీలు దొరుకుతాయి. వ్యవసాయ పనివాళ్లు, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకుండానే కిడ్నీ దెబ్బతినడం వంటి పోలికలు కనబడతాయి. పాత పుస్తకాల్లో దీని ఊసే ఉండదు.

కారణం ఇంకా తేలలేదు. ఎండ, నీళ్లు, పురుగుమందులు, నొప్పి మాత్రలు అంటూ చాలా అనుమానాలున్నాయి. "ఉద్దానం జబ్బుకి కారణం ఇదే" అని ఒక్క మాటతో తేల్చేసిన పుస్తకం కనబడితే ఆరో మెట్టు మళ్లీ చూడండి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, ప్రశ్నల కాగితం అక్కడికి పట్టుకెళ్లొచ్చు.

ఆహారం పేజీలూ అంతే. విదేశీ పుస్తకంలో అవకాడో, చీజ్ ఉంటాయి. మన వంటింట్లో ఉన్నవి వేరు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికల్లో 528 పదార్థాలున్నాయి, పొటాషియం, సోడియం అంకెలతో సహా. వాటితో సరిచూసుకోండి:

- కొబ్బరినీళ్లు, అరటిపండు: పొటాషియం ఎక్కువ. కొబ్బరినీళ్లు కిడ్నీకి చలవ అని అందరూ పోస్తారు. పొటాషియం రిపోర్టు ఎక్కువగా ఉన్నవాళ్లకి అదే ప్రమాదం. పనసపండు, జీడిపప్పు అంకెలు కూడా చూడండి.
- ఎండుచేపలు, ఊరగాయ, అప్పడాలు: ఉప్పు.
- షాపులో దొరికే "లో సోడియం" ఉప్పు: సోడియం తగ్గించి బదులుగా పొటాషియం కలుపుతారు. బీపీకి మంచిదని పుస్తకంలో చదివి కిడ్నీ రోగికి వాడేయకండి.

అయితే పట్టిక చూసి అన్నీ మాన్పించేయకండి. తొలి దశల్లో పొటాషియం మామూలుగా ఉంటే అంత పథ్యం అక్కర్లేకపోవచ్చు. రిపోర్టుతో పాటు అడగాల్సిన ప్రశ్న అది.

## 11. ఒక్క పేజీ కాగితం

చదివిందంతా ఒక పేజీకి కుదించండి. రెండో పేజీకి వెళ్తే డాక్టరు చూడరు. నమూనా:

"50 ఏళ్లు, మగ, 58 కిలోలు. సుగరు లేదు, బీపీ 146/90.
క్రియాటినిన్ 1.6, ఒక్కసారే చేయించాం.
వాడుతున్నవి: టెల్మిసార్టాన్ (బీపీ మాత్ర). నడుంనొప్పికి ఊళ్లో డైక్లోఫెనాక్, వారానికి రెండు మూడు.
ప్రశ్నలు:
1. నొప్పి మాత్ర కిడ్నీకి చెడు అని చదివాం. ఆపితే బదులు ఏం వాడాలి?
2. మూడు నెలలకి మళ్లీ చేయించాలా, ఇంకా ముందా?
3. మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చేయించలేదు. కావాలా?
4. కొబ్బరినీళ్లు తాగొచ్చా? రోజుకి నీళ్లు ఎన్ని?"

ముఖ్యమైనది మొదటి వరుసలో పెట్టండి. ఓపీలో రద్దీ ఉంటే మొదటి రెంటికే జవాబు దొరుకుతుంది.

అడిగే తీరు కూడా చూసుకోవాలి. "పుస్తకంలో ఇలా ఉంది, మీరు అలా ఇచ్చారేం?" అంటే గది వేడెక్కుతుంది. "ఇలా చదివాం సార్, మా నాన్నకి ఇది వర్తిస్తుందా?" అంటే అదే విషయానికి జవాబొస్తుంది.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు

మందు దుష్ఫలితం చదివి మాత్ర ఆపేయడం. టెల్మిసార్టాన్ పేజీలో "క్రియాటినిన్ పెరగవచ్చు" అని ఉంటుంది. అది చూసి ఆపేస్తారు. అదే మందు కిడ్నీని కాపాడటానికి కూడా ఇస్తారని పై పేరాలోనే ఉంటుంది. మొదట్లో అంకె కాస్త పెరగొచ్చని డాక్టర్లకి తెలుసు, అందుకే పరీక్ష మళ్లీ రాస్తారు. ఏ మాత్రా సొంతంగా ఆపకండి, పెంచకండి. పేజీ ఫొటో తీసి చూపించండి.

అనువాద యాప్‌ని నమ్మేయడం. పెద్ద ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు "ఇవ్వకూడదు" ఒక్కోసారి "ఇవ్వాలి" అయి కూర్చుంటుంది. వాక్యాన్ని చిన్న ముక్కలుగా మార్చండి. కాదు, వద్దు, తప్ప అన్న మాటలున్నచోట ఇంటర్ చదివే పిల్లల చేత ఇంగ్లీషు ఇంకోసారి చదివించండి.

నచ్చిన జవాబు దొరికే వరకూ వెతకడం. మూడు పుస్తకాలు డయాలసిస్ అంటే, వద్దనే నాలుగోదాన్ని పట్టుకుంటారు. ఎన్ని పుస్తకాలు చూస్తారో ముందే అనుకోండి. నా మాటైతే రెండు పుస్తకాలు, ఒక తేదీ ఉన్న వెబ్ పేజీ. మూడూ ఒకే మాట చెప్తే సరి, చెప్పకపోతే ఆ తేడాయే ప్రశ్న.

రోగిని పక్కన పెట్టి ఇంటిల్లిపాదీ చదవడం. ఆయన జబ్బు, ఆయనకి ఎంత తెలుసుకోవాలనుందో ముందు అడగండి. చదువు రానివారైతే జనం పుస్తకంలోని బొమ్మల పేజీ చూపించి చెప్పండి.

చదివిన వెంటనే వాట్సాప్ గ్రూపులో పెట్టడం. మీ నాన్న దశకి సరిపోయిన పథ్యం ఇంకొకరికి హాని చేయొచ్చు. పుస్తకం పేరు, సంవత్సరం పంపండి, ముక్క కత్తిరించి పంపకండి.

## 13. డాక్టరు దగ్గర నుంచి వచ్చాక

అదే రోజు, మాటలు మరిచిపోకముందే, కాగితం మీద ప్రతి ప్రశ్న కింద జవాబు రాయండి. తేదీ వేయండి. రిపోర్టుల ఫైలులో అన్నిటికంటే పైన పెట్టండి. క్రియాటినిన్ అంకెలకి వేరే కాగితం తీసి తేదీ, అంకె, ఏ ల్యాబు అని మూడు గళ్లు గీయండి. వీలైనంత వరకు ఒకే ల్యాబులో చేయించండి, లేకపోతే అంకె మారింది జబ్బు వల్లో, ల్యాబు తేడా వల్లో తెలియదు.

పుస్తకం గడువు దాటకముందే వాపసు ఇచ్చేయండి. ఈసారి చీటీ మీద కొత్త పేరు, కొత్త పరీక్ష రాసుంటే, ఆ స్పెల్లింగ్ దించుకుని మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.